లక్ష, మిలియన్, నియుతం: ఖరగ్‌పూర్‌లో ఒకే సంఖ్యకు ఎన్ని రూపాలు?

2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో తెలుగును మాతృభాషగా పేర్కొన్నవారు 8,11,27,740 మంది. అంతర్జాతీయ ప్రచురణల్లో ఇదే సంఖ్య 81,127,740గా కనిపిస్తుంది. రెండింటిలోనూ ఎనిమిది అంకెలే ఉన్నాయి. వాటి క్రమం మారలేదు, విలువ మారలేదు. మారినవి కామాల స్థానాలు మాత్రమే. అయినా మొదటి దానిని చదివేవారు ‘ఎనిమిది కోట్ల పదకొండు లక్షలు’ అంటే, రెండవ దానిని చదివేవారు ‘ఎనభై ఒక్క మిలియన్లు’ అంటారు.

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో ఈ తేడా నిత్య వ్యవహారాల్లోనే ఎదురవుతుంది. అక్కడి తెలుగు కుటుంబాలు ఇంట్లో తెలుగులో లెక్కిస్తాయి, బజారులో బెంగాలీ, హిందీ ధరలు వింటాయి, కార్యాలయాల్లో ఇంగ్లీషు పత్రాలపై సంతకాలు చేస్తాయి. బ్యాంకు చెక్కు, అద్దె రసీదు, భూమి దస్తావేజు వంటి పత్రాల్లో ఒక అంకెను పొరపాటుగా చదివితే నష్టం వేలల్లో, లక్షల్లో ఉండవచ్చు. అందువల్ల పెద్ద సంఖ్యలను ఏ పద్ధతిలో ఎలా రాస్తారో, ఒక పద్ధతి నుంచి మరొక పద్ధతికి ఎలా మార్చుకోవాలో తెలుసుకోవడం అవసరం.

అనేక భాషల కూడలి

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను ప్రధాన కూడలిగా అభివృద్ధి చేసింది. అక్కడ రైల్వే వర్క్‌షాపు, ఉద్యోగుల నివాస ప్రాంతాలు వెలిశాయి. 1902లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఉత్తర భాగం కూడా ఆ సంస్థలో కలియడంతో ఉత్తరాంధ్ర తీరానికి, ఖరగ్‌పూర్‌కు మధ్య రాకపోకలు సులభమయ్యాయి. రైల్వే కొలువుల కోసం వెళ్ళిన తెలుగువారు తరతరాలుగా అక్కడే స్థిరపడ్డారు. 1951లో దేశంలోని మొదటి ఐఐటీ ఈ పట్టణంలోనే ప్రారంభమైంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా కల్పించే నిర్ణయం తీసుకుంది.

ఈ చరిత్ర వల్ల ఒకే పట్టణంలో అనేక లెక్కింపు పద్ధతులు పక్కపక్కనే వాడుకలో ఉన్నాయి. జీతభత్యాలు, బడ్జెట్లు లక్షలు, కోట్లలో ఉంటాయి. పరిశోధన పత్రాలు మిలియన్లలోనో, పది ఘాతాల్లోనో రాస్తారు. బెంగాలీ పత్రికలు, గోడ ప్రకటనలు బెంగాలీ లిపి అంకెలను వాడతాయి.

కామా ఎక్కడ పడుతుంది?

భారతీయ పద్ధతిలో కుడి వైపు నుంచి మొదట మూడు అంకెలను, ఆ తరువాత రెండేసి అంకెలను విడదీస్తారు. అంతర్జాతీయ పద్ధతిలో మొదటి నుంచి చివరి వరకు మూడేసి అంకెలే. 99,999 వరకు రెండు పద్ధతులకూ తేడా లేదు. ఖరగ్‌పూర్ స్టేషన్‌లోని పొడవైన ప్లాట్‌ఫారం 1,072.5 మీటర్లు, అంటే సుమారు 3,519 అడుగులు. ఈ సంఖ్యలను ఎవరు రాసినా కామా ఒకే చోట పడుతుంది. లక్ష వద్దకు వచ్చేసరికి దారులు వేరవుతాయి. భారతీయ పద్ధతిలో 1,00,000, అంతర్జాతీయ పద్ధతిలో 100,000.

దీనికి కారణం మాటల్లోనే ఉంది. తెలుగులో వెయ్యి తరువాత కొత్త పేరు లక్ష వద్ద, ఆ తరువాత కోటి వద్ద వస్తుంది. ఒక్కొక్క కొత్త పేరుకు మధ్య రెండు స్థానాల దూరం ఉంది. ఇంగ్లీషులో వెయ్యి, మిలియన్, బిలియన్ అనే పేర్ల మధ్య మూడు స్థానాల దూరం ఉంది. కామా అంటే నోటితో పలికే పేరుకు కాగితంపై పెట్టిన గుర్తు.

అయితే కోటి దాటాక తెలుగు మాటకు, కామాకు పొంతన తప్పుతుంది. హిందీలో వంద కోట్లకు అరబ్, వంద అరబ్‌లకు ఖరబ్ అనే పేర్లున్నాయి. రెండేసి అంకెల విభజన ఆ పేర్లకు సరిపోతుంది. నేటి తెలుగు వాడుకలో అటువంటి పేర్లు లేవు. కోటినే మళ్ళీ ప్రమాణంగా తీసుకుని వంద కోట్లు, వెయ్యి కోట్లు, లక్ష కోట్లు అంటారు. ఉదాహరణకు 2023-24 కేంద్ర బడ్జెట్‌లో రైల్వేలకు కేటాయించిన మూలధన వ్యయం 2.40 లక్షల కోట్ల రూపాయలు. దీనిని పూర్తిగా రాస్తే 24,00,00,00,00,000 అవుతుంది. అంతర్జాతీయ పద్ధతిలో 2,400,000,000,000, అంటే 2.4 ట్రిలియన్లు. మొదటి రూపాన్ని చూసి వెంటనే ‘రెండు లక్షల నలభై వేల కోట్లు’ అని చదవడం కష్టం. అందుకే తెలుగు పత్రికలు ఇంత పెద్ద మొత్తాలను పూర్తి అంకెల్లో రాయకుండా ‘2,40,000 కోట్లు’ అనో, ‘2.40 లక్షల కోట్లు’ అనో రాస్తాయి.

రెండేసి అంకెల విభజనలో మరొక జాగ్రత్త అవసరం. 2011 లెక్కల ప్రకారం ఖరగ్‌పూర్ పురపాలక ప్రాంత జనాభా 2,07,604. పలికేటప్పుడు ‘రెండు లక్షల ఏడు వేల ఆరు వందల నాలుగు’ అంటారు. ఏడుకు ముందున్న సున్న, ఆరుకు, నాలుగుకు మధ్య ఉన్న సున్న మాటలో వినిపించవు. విన్నది విన్నట్టు రాసేవారు మొదటి సున్నను వదిలేస్తే సంఖ్య 27,604గా మారిపోతుంది. అన్నిటికంటే ఎడమ వైపున్న భాగం తప్ప ప్రతి భాగంలోనూ నిర్ణీత సంఖ్యలో అంకెలు ఉండి తీరాలి.

దశాంశ బిందువుతో రాసినప్పుడూ ఇదే చిక్కు. 2.5 కోట్లు అంటే రెండు కోట్ల యాభై లక్షలు. 2.05 కోట్లు అంటే రెండు కోట్ల ఐదు లక్షలు. ఈ రెండింటి మధ్య తేడా 45 లక్షలు.

బడిలో నేర్చుకునే పేర్లు

స్థానాల పేర్లను తెలుగు పిల్లలు ఒకట్లు, పదులు, వందలు, వేలు, పదివేలు, లక్షలు, పది లక్షలు, కోట్లు అని నేర్చుకుంటారు. బెంగాలీ పిల్లలు నేర్చుకునే వరుస ఏకక, దశక, శతక, సహస్ర, అయుత, లక్ష, నియుత, కోటి. తెలుగులో పదివేలు, పది లక్షలు అనే జంట మాటలున్న చోట బెంగాలీలో అయుతం, నియుతం అనే ప్రత్యేకమైన పేర్లున్నాయి. ఈ వరుసలో నియుతం అంటే పది లక్షలు, అంటే సరిగ్గా ఒక మిలియన్.

నిత్య వ్యవహారంలో చిక్కు తెచ్చేవి మరికొన్ని చిన్న మాటలు. బెంగాలీ, హిందీ మాట్లాడేవారు లక్షా యాభై వేలను ‘దేఢ్ లాఖ్’ లేదా ‘డేఢ్ లాఖ్’ అంటారు. రెండున్నరకు బెంగాలీలో ‘ఆడాయ్’, హిందీలో ‘ఢాయీ’ అనే మాటలున్నాయి. మూడు నుంచి పై సంఖ్యలకు సగం కలపాలంటే ముందు ‘సాఢే’ చేరుస్తారు. ‘సాఢే తీన్ లాఖ్’ అంటే 3,50,000. అన్నిటికంటే తికమక పెట్టేది ‘పౌనే’. అది ముందున్న సంఖ్యలో నుంచి పావు భాగం తీసివేయమని చెబుతుంది. ‘పౌనే దో లాఖ్’ అంటే రెండు లక్షల పైచిలుకు కాదు, 1,75,000 మాత్రమే. తెలుగులో ‘న్నర’ అనేది సంఖ్య చివర చేరి విలువను పెంచుతుంది. ‘పౌనే’ సంఖ్య ముందు చేరి విలువను తగ్గిస్తుంది. ‘దో లాఖ్’ అన్న మాటలనే పట్టుకున్నవారు పాతిక వేల రూపాయలు ఎక్కువగా లెక్కిస్తారు.

ఆకారం ఒకటి, విలువ వేరొకటి

లిపి అంకెల విషయంలో పొరపాటుకు అవకాశం మరింత ఎక్కువ. బెంగాలీ లిపిలో నాలుగు ఆకారం ఇంగ్లీషు 8ని పోలి ఉంటుంది. బెంగాలీ ఏడు ఇంగ్లీషు 9ని పోలి ఉంటుంది. రెండు లిపుల్లోనూ సున్న గుండ్రంగానే ఉంటుంది. ఫలితంగా బెంగాలీ అంకెల్లో రాసిన 74,000ను ఆ లిపి తెలియనివారు 98,000గా చదివే ప్రమాదం ఉంది. సున్నలు పరిచితంగా కనిపించడంతో మిగిలినవి కూడా తెలిసిన అంకెలేనని కన్ను భ్రమపడుతుంది.

తెలుగుకు కూడా సొంత అంకెలున్నాయి: ౦, ౧, ౨, ౩, ౪, ౫, ౬, ౭, ౮, ౯. నేటి పత్రికల్లో, బ్యాంకుల్లో వీటి వాడుక అరుదు. ఇందులో సున్నకు, అక్షరం తరువాత వచ్చే అనుస్వారానికి ఆకారం దాదాపు ఒకటే. రెండింటినీ తెలుగువారు ‘సున్న’ అనే పిలుస్తారు. కంప్యూటర్లు మాత్రం వీటిని వేరుగా చూస్తాయి. యూనికోడ్‌లో తెలుగు, బెంగాలీ, దేవనాగరి అంకెలకు వేర్వేరు స్థానాలున్నాయి. అందువల్ల ఒక పత్రంలో ౪౭ అని ఉంటే, సాధారణ పద్ధతిలో 47 కోసం వెతికినప్పుడు అది దొరకకపోవచ్చు.

కేంద్ర ప్రభుత్వ వ్యవహారాల్లో ఈ సందిగ్ధతను రాజ్యాంగమే చాలా వరకు తొలగించింది. 343వ అధికరణం మొదటి ఖండం ప్రకారం కేంద్ర ప్రభుత్వ అధికార వ్యవహారాల్లో వాడవలసినవి భారతీయ అంకెల అంతర్జాతీయ రూపాలు, అంటే 1, 2, 3. ఈ అంకెల మూలం భారతదేశమే కనుక రాజ్యాంగం వాటిని ఆ పేరుతో ప్రస్తావించింది. రైల్వేలు కేంద్ర ప్రభుత్వ సంస్థ. స్టేషన్ పేరు పలకపై మూడు భాషలున్నా, రైలు నంబరు అంతటా ఒకే రూపంలో ఉండేది అందుకే.

కామా అక్కరలేని సంఖ్యలు

రైల్వే పట్టణంలో కనిపించే పెద్ద సంఖ్యలన్నీ పరిమాణాలు కావు. రైలు నంబరులో ఐదు అంకెలు, టికెట్‌పై పీఎన్‌ఆర్‌లో పది అంకెలు, సరుకు వ్యాగన్‌పై పదకొండు అంకెలు ఉంటాయి. వాటిని లక్షలుగానో, కోట్లుగానో చదవరు. అవి గుర్తింపు సంఖ్యలు.

వ్యాగన్ నంబరులో మొదటి రెండు అంకెలు వ్యాగన్ రకాన్ని, తరువాతి రెండు ఏ రైల్వేకు చెందినదో, ఆపై రెండు తయారైన సంవత్సరాన్ని తెలుపుతాయి. తరువాతి నాలుగు ఆ వ్యాగన్ సొంత సంఖ్య. పదకొండవది తనిఖీ అంకె. మిగిలిన పది అంకెలతో ఒక నిర్ణీత లెక్క వేస్తే ఆ తనిఖీ అంకె రావాలి. రాకపోతే ఎక్కడో ఒక అంకె తప్పుగా నమోదైందని తెలుస్తుంది. డబ్బు మొత్తాలకు ఇటువంటి తనిఖీ అంకె ఉండదు. అక్కడ ఆ పనిని అక్షరాల్లో రాసే మొత్తం చేస్తుంది.

అంకెలకు, అక్షరాలకు తేడా వస్తే

చెక్కుపై మొత్తాన్ని అంకెల్లోనూ, అక్షరాల్లోనూ రాయించడం వెనుక స్పష్టమైన చట్టం ఉంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అంకెల్లోని మొత్తానికి, అక్షరాల్లోని మొత్తానికి తేడా ఉంటే, అక్షరాల్లో రాసినదే చెల్లించవలసిన మొత్తం. కామా జారిపోవచ్చు, సున్న చేరిపోవచ్చు, నాలుగు ఎనిమిదిలా కనిపించవచ్చు. ‘లక్షా డెబ్బై ఐదు వేల రూపాయలు మాత్రమే’ అన్న వాక్యాన్ని అంత సులభంగా మార్చలేరు.

చెక్కును ఇంగ్లీషులో, హిందీలో లేదా సంబంధిత ప్రాంతీయ భాషలో రాయవచ్చునని రిజర్వు బ్యాంకు సూచనలు చెబుతున్నాయి. కరెన్సీ నోటు మీద కూడా విలువ అంకెల్లో, అక్షరాల్లో ఉంటుంది. నోటు వెనుక భాషా పట్టికలో తెలుగు, బెంగాలీ సహా పదిహేను భాషల్లో, వాటికి తోడు హిందీ, ఇంగ్లీషుల్లో విలువను ముద్రిస్తారు.

పూర్వ గ్రంథాల్లో పేర్లు

పెద్ద సంఖ్యల పేర్లు కాలాన్ని బట్టి మారడం కొత్త సంగతి కాదు. తైత్తిరీయ సంహితలో ఒకటి నుంచి పరార్ధం వరకు పదమూడు పేర్లున్నాయి. ఆ వరుసలో నియుతం లక్షకు సమానం, పరార్ధం అంటే ఒకటి తరువాత 12 సున్నలు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలో పదిహేడు సున్నల వరకు పేర్లున్నాయి. అక్కడ చివరి పేరు కూడా పరార్ధమే, కానీ విలువ లక్ష రెట్లు ఎక్కువ. లీలావతిలోని ఖర్వం పది సున్నల సంఖ్య కాగా, నేటి హిందీ ఖరబ్‌కు పదకొండు సున్నలు. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో 24 స్థానాలకు పేర్లు చెప్పాడు. ఈ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు.

చదరంగపు గడుల్లో ఒకటితో మొదలుపెట్టి గింజలను రెట్టింపు చేస్తూ పోతే వచ్చే మొత్తాన్ని చెప్పే తెలుగు పద్యం కూడా మల్లన పేరుతో ప్రచారంలో ఉంది. ఆ మొత్తంలో ఇరవై అంకెలున్నాయి. భారతీయ పద్ధతిలో 1,84,46,74,40,73,70,95,51,615. అంతర్జాతీయ పద్ధతిలో 18,446,744,073,709,551,615. పద్యంలో అంకెలూ లేవు, కామాలూ లేవు. చంద్రుడు అంటే ఒకటి, వేదాలు అంటే నాలుగు, బాణాలు అంటే ఐదు, ఆకాశం అంటే సున్న అనే సంకేతాలతో, ఒకట్ల స్థానం నుంచి ఎడమకు వరుసగా ఒక్కొక్క అంకెను చెబుతారు. అంకె ఆకారం ఏ లిపిలో ఎలా మారినా ఈ సంఖ్య మారదు.

బిలియన్‌కూ రెండు అర్థాలు

ఈ చిక్కు భారతీయ భాషలకే పరిమితం కాదు. బ్రిటన్‌లో ఒకప్పుడు బిలియన్ అంటే మిలియన్ మిలియన్లు, అంటే లక్ష కోట్లు. అమెరికాలో అది వెయ్యి మిలియన్లు, అంటే వంద కోట్లు. 1974లో బ్రిటన్ ప్రభుత్వం అధికారిక గణాంకాల్లో అమెరికా అర్థాన్నే స్వీకరించింది. పాత బ్రిటిష్ పుస్తకాలు చదివేవారు ముద్రణ కాలాన్ని చూసుకోవాలి.

జర్మన్ భాషలో వంద కోట్లను నేటికీ మిలియార్డె అంటారు. ఆ భాషలో బిలియోన్ అంటే లక్ష కోట్లు. అక్కడ వేలను విడదీయడానికి బిందువును, దశాంశానికి కామాను వాడతారు. కాబట్టి 1.500 అని రాస్తే అర్థం ఒకటిన్నర కాదు, వెయ్యిన్ని ఐదు వందలు. చైనా, జపాన్ భాషల్లో కొత్త పేర్లు నాలుగేసి స్థానాలకు వస్తాయి. మొదట పదివేలకు, ఆ తరువాత పది కోట్లకు. ఈ వైవిధ్యం దృష్ట్యా 2003లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ శాస్త్రీయ రచనల్లో అంకెల సముదాయాల మధ్య బిందువు గానీ, కామా గానీ పెట్టవద్దని, చదవడానికి వీలుగా మూడేసి అంకెల మధ్య చిన్న ఖాళీ మాత్రం వదలవచ్చునని పునరుద్ఘాటించింది.

మార్చుకునే విధానం

ఒక పద్ధతి నుంచి మరొక పద్ధతికి మారేటప్పుడు ముందుగా కామాలన్నీ తీసివేయాలి. అంకెలను లెక్కపెట్టాలి. ఆ తరువాత కుడి వైపు నుంచి కొత్త పద్ధతిలో కామాలు పెట్టాలి. పశ్చిమ బెంగాల్ 2011 జనాభా 91,276,115. కామాలు తీస్తే 91276115, అంటే ఎనిమిది అంకెలు. ఎనిమిది అంకెల సంఖ్య కోట్లలో ఉంటుంది. భారతీయ పద్ధతిలో 9,12,76,115, అంటే తొమ్మిది కోట్ల పన్నెండు లక్షల డెబ్బై ఆరు వేల నూట పదిహేను.

గుర్తుంచుకోవలసిన సమానతలు ఇవి:

1 లక్ష = 100 వేలు (5 సున్నలు)
10 లక్షలు = 1 మిలియన్ (6 సున్నలు)
1 కోటి = 10 మిలియన్లు (7 సున్నలు)
100 కోట్లు = 1 బిలియన్ (9 సున్నలు)
1 లక్ష కోట్లు = 1 ట్రిలియన్ (12 సున్నలు)

మిలియన్లను లక్షలుగా మార్చాలంటే పదితో గుణించాలి. మిలియన్లను కోట్లుగా మార్చాలంటే పదితో భాగించాలి. బిలియన్లను కోట్లుగా మార్చాలంటే వందతో గుణించాలి. విదేశీ ద్రవ్యం విషయంలో మారకం రేటును కూడా కలపాలి. డాలరు 80 రూపాయలు అనుకుంటే, ఒక బిలియన్ డాలర్లు 8,000 కోట్ల రూపాయలు అవుతాయి.

కంప్యూటర్‌లోనూ, ఫోన్‌లోనూ ప్రాంతాన్ని భారతదేశంగా ఎంచుకుంటే సాధారణంగా లక్షలు, కోట్ల పద్ధతిలో కామాలు పడతాయి. వేరొక దేశం ఎంపికలో ఉంటే అదే పత్రం మిలియన్ల పద్ధతిలో తెరుచుకోవచ్చు. విలువ మారదు కనుక ఆందోళన అవసరం లేదు. అయితే ఒకే పత్రంలో రెండు పద్ధతులను కలపకూడదు. చేతితో రాసే ఒప్పందాల్లో మొత్తాన్ని అంకెలతో పాటు, ఇరుపక్షాలకూ తెలిసిన భాషలో అక్షరాల్లోనూ రాయించుకోవాలి. తెలియని లిపిలో అంకెలుంటే, సంతకానికి ముందు వాటిని అంతర్జాతీయ అంకెల్లో పక్కనే రాయమని కోరాలి.